ఏడడుగులకు సాక్షి ఎవరు: హైదరాబాద్‌లో ఒక రెండో పెళ్లి కేసు

ఈ కేసు ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. నగరంలోని కోర్టుల్లో రెండో పెళ్లి ఫైళ్లలో పదేపదే ఎదురయ్యే పరిస్థితులను కలిపి, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాసిన నమూనా. సెక్షన్లు, తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

వచ్చిన ఫైలు

మొదటి భార్యకు 34 ఏళ్లు. 2012లో నల్గొండ వైపు పల్లెలో, పుట్టింటి ముందు పందిరి వేసి పెళ్లి చేశారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. ఇద్దరు పిల్లలు. భర్త రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. 2021లో గొడవలు ముదిరి పెద్దమనుషుల్లో పెట్టారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ఇకపై మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు' అని రాయించి, ఇద్దరి చేత సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించారు. అప్పటి నుంచి ఆమె పిల్లలతో అంబర్‌పేటలో అమ్మానాన్నల దగ్గరే ఉంటోంది.

2024 డిసెంబరులో భర్త యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక గుళ్లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. తోడికోడలు పెట్టిన వాట్సాప్ స్టేటస్‌లో మొదటి భార్యకు ఆ సంగతి తెలిసింది. రెండో ఆమెకు 27 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. 'విడాకులైపోయాయి, కాగితం కూడా ఉంది' అని అతను ఆమెకు చెప్పాడు. ఇద్దరూ హయత్‌నగర్‌లో కాపురం పెట్టారు. ఆమె గర్భవతి.

మొదటి భార్య అడిగింది ఒక్కటే: 'వాణ్ని జైల్లో పెట్టించాలి.' ఆ కోరికలో అన్యాయం లేదు. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టిన ఫైళ్లే ఎక్కువగా దెబ్బతింటాయి.

ముందుగా తేల్చుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది, ఈ దంపతులకు ఏ చట్టం వర్తిస్తుంది? కుల ధ్రువీకరణ పత్రం చూడకుండా ఫిర్యాదు రాయకూడదు. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 2(2) ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. లంబాడీ, గోండు, కోయ కుటుంబాల నుంచి వచ్చి నగరంలో ఉద్యోగాలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల విషయంలో 'రెండో పెళ్లి చెల్లదు' అనే ఆచారం తమ తెగలో ఉందని ఫిర్యాదులోనే రాసి, సాక్ష్యంతో నిరూపించాలి. అలా రాయకపోవడం వల్లే 2001లో సూరజ్‌మణి స్టెల్లా కుజుర్ కేసు సుప్రీంకోర్టులో వీగిపోయింది. మన నమూనా కేసులో ఇద్దరూ బీసీ హిందువులే కాబట్టి ఈ చిక్కు లేదు.

రెండోది, ఆ స్టాంపు పేపరు. దానితో విడాకులు కావు. హిందూ దంపతులు విడిపోవాలంటే కోర్టు డిక్రీ ఉండాలి, లేదా అదే చట్టంలోని సెక్షన్ 29(2) కాపాడిన కులాచార విడాకులు ఉండాలి. ఆచారం ఉందని నోటితో అంటే సరిపోదు. అది ఎంతకాలంగా నడుస్తోందో, ఎవరెవరు అలా విడిపోయారో ప్రత్యేకంగా రాసి రుజువు చేయాల్సిన బాధ్యత ఆ కాగితాన్ని నమ్ముకున్నవాడిదే. నోటరీ ముద్ర సంతకాన్ని ధ్రువీకరిస్తుందే గానీ పెళ్లిని రద్దు చేయదు. ఈ ఒక్క సంగతి తెలియక నగరంలో ఎంతమంది ఆడవాళ్లు తమ హక్కులు పోయాయనుకుని ఊరుకున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

మూడోది తేదీ. రెండో పెళ్లి 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ 494, 495 సెక్షన్లు, ఆ రోజు నుంచి జరిగితే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82. శిక్ష మారలేదు: గరిష్ఠంగా ఏడేళ్లు, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్లు. మారింది పోలీస్ స్టేషన్ దారి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో తెచ్చిన సవరణతో మన దగ్గర 494 కింద పోలీసులు నేరుగా కేసు కట్టగలిగేవారు. 2011లో ఎ.సుభాష్ బాబు కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను ఎత్తిచూపి, పోలీసు దర్యాప్తు సరైనదేనని చెప్పింది. నేర విచారణ విధానం చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో సెక్షన్ 82 నేరం పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయలేనిది, బెయిలబుల్. అందుకని డిసెంబరు 2024 పెళ్లికి మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు కంప్లయింటే గట్టి దారి.

నిజంగా హింస జరిగి ఉంటే, భార్యపై క్రూరత్వానికి వర్తించే న్యాయ సంహిత సెక్షన్ 85తో కలిపి ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. కేసులో ఒక్క నేరం పోలీసులు పట్టుకోదగ్గదైనా మొత్తం కేసును దర్యాప్తు చేయవచ్చు. కానీ లేని హింసను అతికించకూడదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది విడిపోయినప్పుడు నిజమైన ఆరోపణను కూడా వెంట లాక్కుపోతుంది.

ఫొటోలో ఏముంది, ఏం లేదు

ఆమె దాచుకున్న స్టేటస్ ఫొటోలు తొమ్మిది. జీలకర్ర బెల్లం ఉంది. మూడు ముళ్లు ఉన్నాయి, భర్త మొహం స్పష్టంగా కనిపిస్తోంది. తలంబ్రాలు మూడు ఫొటోల్లో ఉన్నాయి. ఒకదాంట్లో రెండో ఆమె కొంగు అతని ఉత్తరీయానికి ముడి వేసి ఉంది, వెనక హోమం పొగ. అడుగులు వేస్తున్న ఫొటో మాత్రం లేదు.

చూసేవాళ్లకు ఇది పెళ్లి కాకపోతే మరేమిటి? కోర్టు మాత్రం హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 చదువుతుంది. వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువులు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుంది. 1965లో భావురావు శంకర్ లోఖండే కేసు నుంచి సుప్రీంకోర్టు ఒకే మాట చెబుతోంది: రెండో పెళ్లి శాస్త్రోక్తంగా జరిగినట్టు రుజువైతేనే శిక్ష. నిందితుడు తానే ఒప్పుకున్నా క్రతువుల సాక్ష్యం లేకపోతే చాలదని కన్వల్ రామ్ కేసులో తేల్చింది. కలిసి కాపురం చేయడం, పిల్లలు పుట్టడం, ఆధార్‌లో భర్త పేరు ఉండడం, ఇవేవీ ఆ లోటు పూడ్చలేవు. గుళ్లో ఇచ్చిన సర్టిఫికెట్‌కు కూడా క్రతువు తోడు ఉండాలి. క్రతువు జరగకుండా కాగితం మాత్రమే ఉంటే అది పెళ్లి కాదని 2024 ఏప్రిల్‌లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

దీన్నుంచి ఫిర్యాదు రాయడంలో రెండు పనులు పుడతాయి. ఆ కులంలో పెళ్లి ఏ క్రతువుతో పూర్తవుతుందో ఒక పేరాలో స్పష్టంగా రాయాలి. సప్తపది లేని ఆచారమైతే, జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణతోనే పెళ్లయినట్టు భావిస్తారని రాసి, కులపెద్దనో ఆ కులంలో పెళ్లిళ్లు చేయించే పురోహితుణ్నో సాక్షిగా పెట్టాలి. ఈ పేరా లేని ఫిర్యాదులు ఎన్నో. 'హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్లి చేసుకున్నాడు' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఆ వాక్యం అవతలి వకీలుకు వరం.

ఇక అదే కొలత మొదటి పెళ్లికీ వర్తిస్తుంది. 2012 పెళ్లి రిజిస్టరు కాలేదు కాబట్టి దాన్నీ రుజువు చేయాలి. ఈ కేసులో పాత ఆల్బమ్‌లో అగ్ని చుట్టూ తిరుగుతున్న ఫొటో, పెళ్లి పత్రిక, కన్యాదానం చేసిన తండ్రి ఉన్నారు. పుట్టింటివాళ్ల ఇంట్లో ఆల్బమ్ ఉందో లేదో మొదటి రోజే అడగాలి. ఫొటోగ్రాఫర్ దగ్గర నెగెటివో హార్డ్ డిస్కో దొరికితే ఇంకా మేలు.

ఫోను ఎవరికీ ఇవ్వొద్దు

స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. స్క్రీన్‌షాట్ తీసిన ఫోనే అసలు సాక్ష్యం. దాన్ని ఫార్మాట్ చేయకూడదు, ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయకూడదు, ఫొటోలకు గుండ్రాలు చుట్టి మళ్లీ సేవ్ చేయకూడదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్‌కు రెండు భాగాలుంటాయి. ఫోను ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఒక భాగం, నిపుణుడు రెండో భాగం నింపాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ, దాన్ని ఏ అల్గారిదమ్‌తో తీశారో అందులో రాయాలి. ఆ విలువను కేసు వేసే ముందే తీసి పెట్టుకోవాలి. తర్వాత తీస్తే 'మధ్యలో ఏం చేశారు?' అనే ప్రశ్నకు జవాబు ఉండదు.

రెండో పెళ్లిని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించి ఉంటే హిందూ వివాహ రిజిస్టరు నకలు తీసుకోవచ్చు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 ప్రకారం ఆ రిజిస్టరు ఎవరైనా చూడవచ్చు, నకలు సాక్ష్యంగా చెల్లుతుంది. దానితోపాటు గుళ్లో కట్టిన కల్యాణ రుసుము రసీదు, 'నాకు పెళ్లి కాలేదు' లేదా 'విడాకులయ్యాయి' అని ఇచ్చిన అఫిడవిట్ సంపాదించాలి. ఆ అఫిడవిట్ దొరికితే దాచిపెట్టిన నేరానికి, అంటే పదేళ్ల శిక్ష ఉన్న 82(2)కు, అదే మొదటి ఆధారం.

ఇవన్నీ చేతికొచ్చాకే కోర్టుకు వెళ్లాలి. నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 223 ప్రకారం మేజిస్ట్రేటు ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నోటీసు అందిన సాయంత్రమే ఫేస్‌బుక్ ఫొటోలు పోతాయి, పురోహితుడికి ఫోన్ వెళుతుంది.

ముందు బియ్యం, తర్వాత జైలు

వరుస తప్పితే నష్టపోయేది పిల్లలే. అందుకే ఈ భాగం గురించి గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

మొదట పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద భరణం పిటిషన్, దానితోపాటు మధ్యంతర భరణం పిటిషన్ వేయాలి. భర్త మరో పెళ్లి చేసుకుంటే అతనితో ఉండనని చెప్పడానికి భార్యకు న్యాయమైన కారణం ఉన్నట్టేనని ఆ సెక్షనే చెబుతోంది. 'కాపురానికి రమ్మంటే రాలేదు' అనే కౌంటరు అక్కడితో కూలిపోతుంది. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాలి, భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కవుతుంది. భర్త జీతం చీటీ దొరక్కపోతే అతని హోదా, పే స్కేలు రాసి, జీతాలు డ్రా చేసే అధికారి (డీడీఓ) నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టును కోరాలి. బాకీపడ్డ నెలలకు వసూలు పిటిషన్ ఏడాదిలోపే వేయాలని గుర్తుంచుకోవాలి. 'ఇస్తాడులే' అని రెండేళ్లు ఆగితే మొదటి ఏడాది డబ్బుకు ఈ దారి మూసుకుపోతుంది.

తర్వాత గృహహింస చట్టం కింద నివాసం, రక్షణ ఉత్తర్వులు. ఆ తర్వాతే శాఖకు ఫిర్యాదు.

శాఖకు ఫిర్యాదు ఎందుకు చివర? 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం భార్య బతికి ఉండగా ప్రభుత్వ అనుమతి లేకుండా ఉద్యోగి మరో పెళ్లి చేసుకోకూడదు. అతని మతం ఒప్పుకున్నా సరే. శాఖాపర విచారణలో క్రిమినల్ కోర్టంత రుజువు అక్కర్లేదు, సంభావ్యతల తూకం చాలు. ఏడడుగుల ఫొటో లేకపోయినా శిక్ష పడగలదు. అది ఎంత పదునైన ఆయుధమో అంత ప్రమాదం కూడా. ఉద్యోగం ఊడితే జీతం పోతుంది, పెన్షన్ పోతుంది, పిల్లల ఫీజులూ అక్కడే ఆగిపోతాయి. మధ్యంతర భరణం ఉత్తర్వు చేతిలో పడి, జీతంలోంచి కోత మొదలయ్యాక శాఖకు వెళ్లడం మేలు. కోపంలో మొదటి వారమే కార్యాలయానికి వెళ్లి పత్రం ఇచ్చి, ఆరు నెలల తర్వాత 'ఆయన సస్పెన్షన్ ఎత్తేయించండి' అని అదే భార్య అడగాల్సి వచ్చే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నిందితుల జాబితా

మొదటి ముసాయిదాలో నిందితులు 11 మంది: భర్త, రెండో ఆమె, అత్త, మామ, మరిది, తోడికోడలు, పురోహితుడు, ఇంకా నలుగురు. సెక్షన్ 82 అసలు నేరం భార్య ఉండగా మళ్లీ పెళ్లాడినవాడిది. మిగతావాళ్ల మీద నేరానికి తోడ్పడినట్టు చూపాలంటే, మొదటి పెళ్లి బతికే ఉందని తెలిసి వాళ్లు చేసిన నిర్దిష్టమైన పని ఉండాలి. పీటల దగ్గర నిలబడి అక్షింతలు వేసినంత మాత్రాన చాలదు. అందరినీ ఇరికిస్తే ఒక్కొక్కరు కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తారు, అసలు కేసు స్టేలో నానుతుంది.

పైగా నిందితులుగా పెట్టినవాళ్లే కావలసిన సాక్షులు. పురోహితుణ్ని నిందితుడిగా పెడితే ఆ పెళ్లి గురించి మాట్లాడేది ఎవరు? చివరి ముసాయిదాలో ఇద్దరే మిగిలారు: భర్త, ముహూర్తం పెట్టించి గుడికి డబ్బు కట్టిన మామ.

ఎక్కడ వేయాలన్నదీ ప్రశ్నే. పెళ్లి భువనగిరి వైపు, కాపురం హయత్‌నగర్‌లో. నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 202(2) ఇక్కడ మొదటి భార్యకు అండగా ఉంది. నేరం జరిగాక ఆమె శాశ్వతంగా ఉంటున్న చోటి కోర్టులోనూ వేయవచ్చు. అంబర్‌పేట కాబట్టి నాంపల్లి. ఆమె రాలేకపోతే తండ్రి, తల్లి, అన్న, అక్క, మేనమామ లాంటి వాళ్లు ఆమె తరఫున ఫిర్యాదు చేయవచ్చు.

నడిచిన మనిషే సాక్షి

ప్రైవేటు కంప్లయింట్ మీద నడిచే వారంటు కేసులో సాక్షులు సాధారణంగా రెండుసార్లు కోర్టు మెట్లెక్కాలి. అభియోగం మోపడానికి ముందు ఒకసారి, మోపాక క్రాస్‌కు మరోసారి. మధ్యలో ఏళ్లు గడుస్తాయి. మొదటి విడతలో పురోహితుడు 'పెళ్లి చేయించాను బాబూ, ఏడడుగులు వేయించానో లేదో గుర్తులేదు' అన్నాడు. పెళ్లికి వెళ్లిన దూరపు బంధువు ఒకాయన్ను అగ్నిగుండం ఏ వైపు ఉందని అడిగితే 'నేను భోజనాల దగ్గర ఉన్నాను' అన్నాడు. ఈ రెండు జవాబులతోనే కేసు సగం చచ్చినట్టే.

దాన్ని నిలబెట్టింది రెండో ఆమె. మొదటి భార్య వేసిన భరణం పిటిషన్ నకలు చూశాకే, భర్తకు విడాకులు కాలేదని ఆమెకు తెలిసింది. ఆమె మోసపోయిన మనిషి. మొదటి పెళ్లి దాచి తనను చేసుకున్నందుకు ఆమె కూడా ఫిర్యాదు చేయవచ్చని సుభాష్ బాబు తీర్పు చెబుతోంది. చెల్లే పెళ్లి అని నమ్మించి కాపురం చేయించినందుకు న్యాయ సంహిత సెక్షన్ 81 వేరే ఉంది, దానికీ పదేళ్లే. ఆ అగ్ని చుట్టూ ఎన్ని అడుగులు వేశారో, ఏ అడుగుకు ఏ మంత్రం చదివారో, కొంగుముడి ఎవరు విప్పారో ఆమె చెప్పగలిగింది. నిందితుడి ఒప్పుకోలు చాలదన్న నియమం ఆమెకు అడ్డు కాదు. ఆమె చూసిన క్రతువును వర్ణించే సాక్షి.

అందుకే మొదటి భార్య తరఫు వకీలు మొదటి రోజే ఒక మాట చెప్పాలి: సవతి ఇంటికి వెళ్లి గొడవ చేయొద్దు, బజారున పడొద్దు, వాయిస్ మెసేజ్‌లలో తిట్టొద్దు. ఆ ఇంటి తలుపు మూసుకుపోతే కేసుకు ఉన్న ఒకే ఒక్క మంచి సాక్షి పోతుంది.

రెండో ఆమెకు దారులు ఇంకా ఉన్నాయి. మొదటి పెళ్లి దాచి పెళ్లాడిన మగవాడు 'నువ్వు చెల్లే భార్యవి కావు' అంటూ భరణం ఎగ్గొట్టలేడని 2013లో బాద్‌షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తన పెళ్లి చెల్లదని ప్రకటించమని ఆమె హిందూ వివాహ చట్టం సెక్షన్ 11 కింద అడగవచ్చు, అలా రద్దయినా సెక్షన్ 25 కింద శాశ్వత భరణం కోరవచ్చని 2025 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. మొదటి భార్య మాత్రం సెక్షన్ 11 కింద వెళ్లకూడదు. ఆ పిటిషన్ ఆ పెళ్లిలోని ఇద్దరికే. ఆమె ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 కింద డిక్లరేషన్ అడగాలి. ఈ తేడా చూసుకోక పిటిషన్ వెనక్కి వచ్చి నెలలు పోగొట్టుకున్న కేసులున్నాయి.

అదే ఇల్లు పాతబస్తీలో ఉంటే

ముస్లిం పురుషుడికి వ్యక్తిగత చట్టం నలుగురు భార్యల వరకు ఒప్పుకుంటుంది కాబట్టి సెక్షన్ 82 అతని మీద పనిచేయదు. అలాగని మొదటి భార్య చేతులు కట్టేసినట్టు కాదు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలోని సెక్షన్ 2(8) ప్రకారం భార్యలను ఖురాన్ చెప్పినట్టు సమానంగా చూడకపోవడం క్రూరత్వమే, దాని మీద ఆమె విడాకులు పొందవచ్చు. భర్త మరో పెళ్లి చేసుకుంటే వేరుగా ఉండి భరణం అడిగే హక్కు ముస్లిం భార్యకూ ఉందని 1987లో బేగం సుబాను కేసులో తేలింది. నిఖానామాలోనే 'మరో పెళ్లి చేసుకుంటే నాకు తలాక్ తీసుకునే అధికారం ఉంటుంది' అని తఫ్వీజ్ షరతు రాయించుకోవచ్చు. పెళ్లి రోజు ఖాజీ గారి ముందు ఒక్క వాక్యం అడగడానికి మొహమాటపడతారు, ఆ వాక్యమే తర్వాత ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడాన్ని తప్పిస్తుంది. అదే ముస్లిం జంట 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటే సెక్షన్ 44 ప్రకారం రెండో పెళ్లి అతనికీ నేరమే.

హిందువు రెండో పెళ్లి కోసం ఇస్లాంలోకి మారితే మొదటి పెళ్లి రద్దు కాదు, నేరం నేరంగానే ఉంటుందని 1995లో సరళా ముద్గల్, 2000లో లిల్లీ థామస్ తీర్పులు తేల్చాయి. ఇక ఇది ఒక్క మతం సమస్య అనుకోవడం తప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్తకు మరో భార్య ఉందని చెప్పిన వివాహితలు ముస్లింలలో 1.9 శాతం, హిందువుల్లో 1.3 శాతం.

పుట్టబోయే బిడ్డ వాటా

రెండో ఆమెకు పుట్టే బిడ్డ హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 ప్రకారం చట్టబద్ధ సంతానమే. భర్త వీలునామా రాయకుండా పోయాడనుకుందాం. స్వార్జితమైన ఇల్లు 60 లక్షల విలువ చేస్తుంది, తల్లి బతికే ఉంది. వారసులు మొదటి భార్య, ఆమె ఇద్దరు పిల్లలు, రెండో ఆమె బిడ్డ, తల్లి, మొత్తం ఐదుగురు. ఒక్కొక్కరికి 12 లక్షలు. రెండో ఆమెకు వారసత్వంగా ఏమీ రాదు. ఆస్తి పిత్రార్జితమైతే, అతను పోయే ముందే పంపకం జరిగినట్టు లెక్కేసి (ఊహా విభజన), భర్త వాటాకు వచ్చినదాన్నే ఇలా పంచాలి. ఆ బిడ్డ తాతల ఆస్తిలో నేరుగా వాటాదారు కాడని 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

భర్త ప్రావిడెంట్ ఫండ్ (జీపీఎఫ్), గ్రూప్ ఇన్సూరెన్సు ఫారాల్లో నామినీగా ఎవరి పేరుందో మొదటి భార్య చూసుకోవాలి. నామినీ డబ్బు అందుకునే చేయి మాత్రమే, వారసుల హక్కు దానితో పోదు. అయినా పేరు మారిపోతే వారసత్వ ధ్రువీకరణ పత్రం కోసం మరో కేసు నడపాలి. ఈ కేసులో భర్త 2025 జనవరిలోనే నామినేషన్ మార్చేశాడు. మొదటి భార్య తన పెళ్లి ఆల్బమ్ నకలు, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు జతచేసి, 'వివాదం కోర్టులో ఉంది, చెల్లింపుకు ముందు తెలియజేయండి' అని కార్యాలయాధిపతికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు ఫైల్లో పెట్టింది.